విశాఖ చూడ్డానికి వచ్చినవాళ్లకి చెప్పేవాళ్లు కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ముప్పై ఏళ్లకు పైగా విశాఖపట్నంలో ఉంటున్నాను. హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేసి రిటైర్ అయ్యాను. పత్రికలకి రాసే అలవాటు లేదు. కానీ మా ఇంటికి వచ్చిన చుట్టాలకి మా ఊరు చూపించబోయి, ఒక రోజంతా వాళ్ల ముందు ఏం చెప్పాలో తెలియక నిలబడాల్సి వచ్చింది, ఆ బాధ ఇంకా పోలేదు, అందుకే రాస్తున్నాను. కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపికగా చదవండి.

మార్చిలో మా ఇంట్లో పెళ్లి జరిగింది. నిజామాబాద్ నుంచి మా అక్క, బావగారు, వాళ్ల కూతురి కూతురు వచ్చారు. పిల్ల నాలుగో తరగతి చదువుతోంది, సముద్రం చూడటం దానికి అదే మొదటిసారి. పెళ్లయ్యాక నాలుగు రోజులుండి వైజాగ్ అంతా చూసి వెళ్తామన్నారు. మాకు కారు లేదు, పెళ్లి పనులతో నా కాళ్లు కూడా పట్టేసి ఉన్నాయి, అందుకని ఒక ట్రావెల్స్ వాళ్ల దగ్గర సిటీ టూర్ బుక్ చేశాం. ఒక్క రోజులో తొమ్మిది పాయింట్లు, ఏసీ బండి, గైడ్ కూడా ఉంటాడు అని ఫోన్లో చెప్పారు. ఆ ట్రావెల్స్ పేరు ఇక్కడ రాయను. తర్వాత నేను నలుగురిని అడిగితే అందరూ దాదాపు ఇలాగే తిప్పుతారని తెలిసింది.

మేం బండి ఎక్కింది సోమవారం. సోమవారం జూకి సెలవు, బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ మ్యూజియంకి కూడా సెలవు. పెళ్లి హడావిడిలో ఆ సంగతి నాకు తట్టలేదు. రోజూ బండ్లు తిప్పేవాళ్లకి మాత్రం తెలియకుండా ఎలా ఉంటుంది? డబ్బులు ముందే తీసుకున్నారు, ఒక్క మాట చెప్పలేదు. మధ్యాహ్నం జూ గేటు దగ్గర బండి ఆపి "ఈ రోజు క్లోజ్ అండీ, బయట ఫోటో తీసుకోండి" అన్నప్పుడు పిల్ల మొహం చూడలేకపోయాను. రాత్రి నుంచీ జిరాఫీ జిరాఫీ అని కలవరిస్తోంది అది.

గైడ్ అన్నది ఎవరంటే బండి నడిపే కుర్రాడే. ఆ అబ్బాయి మీద నాకు ఏ కోపమూ లేదు. తెల్లవారుజామున స్టేషన్‌కి వెళ్లి ఎవరినో దింపి, టీ కూడా సరిగ్గా తాగకుండా మా దగ్గరికి వచ్చాడు. రోజంతా ట్రాఫిక్‌లో నడిపి, పార్కింగ్ వెతుక్కుని, అందరి సామాన్లూ చూసుకుని, పైగా ఊరి చరిత్ర కూడా నువ్వే చెప్పు అంటే ఎవరివల్ల అవుతుంది? ప్రతి చోటా "ఇరవై నిమిషాలు టైమ్, చూసి వచ్చేయండి" అని చెప్పాడు, అంతే.

మొదట సింహాచలం. దర్శనం బాగానే అయింది. బయటికి రాగానే పిల్ల అడిగింది, "చిన్నమ్మమ్మా, నరసింహస్వామికి సింహం మొహం ఉంటుంది కదా, ఇక్కడ దేవుడు ఉండలాగా ఉన్నాడేంటి?" అని. ఎంత మంచి ప్రశ్న! స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడని, అక్షయ తృతీయ ఒక్క రోజే ఆ చందనం తీసి నిజరూప దర్శనం ఇస్తారని, ఆ రోజు కొండ కింద నుంచి పైదాకా జనమే జనమని నేను చెప్పాను. మాతో వచ్చిన కోల్‌కతా దంపతులు కూడా దగ్గరికి వచ్చి విన్నారు, నా వచ్చీరాని హిందీలో వాళ్లకీ చెప్పాను. 1516లోనూ 1519లోనూ కృష్ణదేవరాయలు ఈ కొండకి వచ్చినట్టు గుడిలో శాసనాలున్నాయి. అవి ఏ స్తంభం మీద ఉన్నాయో చూపించేవాళ్లు ఒక్కరుంటే ఆ పిల్లకి పుస్తకంలో రాయలు, ఇక్కడి రాయలు ఒకరే అని తెలిసేది. నేను వెతికేలోపే హారన్ మోగింది.

తర్వాత తొట్లకొండ. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగింది ఇక్కడే. బండి పైన ఆపి ఆ అబ్బాయి "పెద్దగా ఏమీ లేదండీ, పునాదులే, పదిహేను నిమిషాల్లో వచ్చేయండి, ఫోటోకి సముద్రం వ్యూ బాగుంటుంది" అన్నాడు. అతనికి ఎవరైనా చెప్పి ఉంటే కదా. సుమారు రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న కొండ అది. 1976లో నౌకాదళం వాళ్లు స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు బయటపడ్డాయి, 1988 నుంచి మన రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. మహాస్తూపం, చైత్యాలు అంటే ప్రార్థన మందిరాలు, భిక్షువుల గదులు, వాళ్లు కూర్చుని తినే చోటు, వంట చోటు అన్నీ వరసగా కనిపిస్తాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి, అంటే ఎక్కడో రోమ్‌లో ముద్రించిన డబ్బు ఈ కొండ మీదికి చేరిందన్నమాట. కొండ మీద నిలబడి కిందకి చూస్తే ఓడలు వచ్చిపోయే సముద్రం కనిపిస్తుంది, ఆ డబ్బు ఏ దారిన వచ్చిందో అక్కడే అర్థమైపోతుంది. ఇక్కడి బ్రాహ్మీ లిపి శాసనాల్లో ఈ కొండ పేరు సేనగిరి. ఇప్పటి పేరు ఎలా వచ్చిందంటే, వర్షపు నీళ్లు నిలవ చేసుకోవడానికి రాతిలోనే తొట్లు తొలిచారు, ఆ తొట్లున్న కొండ తొట్లకొండ. పిల్ల ఆ తొట్టి అంచున కూర్చుని "ఇంత రాయిని ఎలా తవ్వారు చిన్నమ్మమ్మా" అంటుంటే బండి దగ్గర నుంచి మళ్లీ హారన్.

అక్కడ పదిహేను నిమిషాలు ఇచ్చారు కదా, ఆ తర్వాత దారిలో ఒక శంఖాల షాపు, పక్కనే జీడిపప్పు షాపు దగ్గర నలభై నిమిషాలు ఆపారు. ఎందుకో అందరికీ తెలుసు. డ్రైవర్లకి సరైన జీతం ఉండదు, షాపు వాళ్లు ఇచ్చే కమీషన్ మీదే వాళ్ల రోజు గడుస్తుంది. షాపులో పెద్ద పెద్ద గవ్వలు, శంఖాలు, ఎండిన పగడపు ముక్కలు వరసగా పెట్టి అమ్ముతున్నారు. పగడాలకి, కొన్ని రకాల శంఖాలకి వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఏవి కొనొచ్చు, ఏవి కొనకూడదు అని చెప్పే మనిషి లేడు. పిల్ల ఒక శంఖం కావాలని మారాం చేసింది, నేను వద్దన్నాను, ఏడ్చింది.

సాయంత్రం కైలాసగిరి కొండ మీద శివపార్వతుల విగ్రహాల దగ్గర ఫోటోలు, ఆ తర్వాత సబ్‌మెరైన్‌ని రోడ్డు మీంచి చూడటం. రాత్రి ఇంటికి వచ్చాక బావగారు చొక్కా విప్పుకుంటూ ఒకటే మాట అన్నారు. "బండిల కూసున్నదే ఎక్కువాయె, చూసింది తక్కువాయె, చెప్పినోడు అసలే లేకపాయె." ఆయన ఎవరినీ తప్పుపట్టే మనిషి కాదు. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు.

మంగళవారం అందరం పడుకుని లేచాం. బుధవారం, గురువారం నేనే తీసుకెళ్లాను, ఆటోలో, సిటీ బస్సులో. ఆ రెండు రోజుల గురించి చెప్తేనే నేను ఏం అడుగుతున్నానో మీకు అర్థమవుతుంది.

బుధవారం చీకటితోనే లేచి సాగర్‌నగర్ వైపు బీచ్‌కి వెళ్లాం. అక్కడ అటవీశాఖ వాళ్లు సముద్ర తాబేళ్ల గుడ్లు పొదిగించే చోటు ఒకటుంది, చుట్టూ వల కట్టి ఇసకలో గుంతలు చేసి ఉంటాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా ఈ కాలంలో రాత్రిపూట మన ఒడ్డుకి వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి, ఒక్కో తాబేలు వంద దాకా పెడుతుంది. కుక్కలు, నక్కలు తవ్వేయకుండా తెల్లారేలోపు ఆ గుడ్లు ఏరి తెచ్చి ఇక్కడ పూడుస్తారు. ఆ పని చేసేది పక్క పాలెంలో ఉండే జాలర్లే. ఆ రోజు కాపలాలో ఒక పెద్దాయన ఉన్నారు. పిల్ల ఆయన్ని వదల్లేదు. గుడ్లు ఎన్ని రోజులకి పగులుతాయి, అమ్మ ఎందుకు ఉండదు, పిల్లలకి దారి ఎవరు చెప్తారు, ఇలా అడుగుతూనే ఉంది. ఆయన విసుక్కోకుండా ఇసక మీద వేలితో గీసి చూపించారు. "యాభై రోజులు అటూ ఇటూ పడతాదమ్మా. బైటికొచ్చాక సంద్రం మీద మెరుపు చూసుకోని ఎల్లిపోతాయి. మన రోడ్డు మీద లైట్లు ఎక్కువైతే ఇటేపు తిరిగి వచ్చేస్తాయి, తెల్లారేసరికి కాకులు తినేస్తాయి" అన్నారు. ఇసక వేడిని బట్టి పుట్టేది ఆడో మగో తేలుతుందని నేను చదివాను, వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ పుడతాయి. ఆయనకి అది చదువు వల్ల తెలిసింది కాదు, గుంత మీద ఎండ పడకుండా ఎప్పుడు పట్టా కప్పాలో ఆయన అరిచేత్తో ఇసక తాకి చెప్తారు.

ఒడ్డున కొంచెం దూరంలో ఒక పెద్ద తాబేలు చచ్చి పడి ఉంది. పిల్ల చూడకూడదని అక్క పక్కకి తిప్పబోయింది. పెద్దాయనే "చూడనీమ్మా" అని, అది ఎలా చచ్చిందో చెప్పారు. మరబోట్ల వలలో పడితే పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక మునిగి చచ్చిపోతుందట. తాబేలు బయటికి పోయేలా వలకి ఒక జాలీ బిగించే పద్ధతి ఉంది, అది బిగిస్తే చేపలు కూడా కొన్ని పోతాయని బోటు వాళ్లకి బెంగ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం ఉంటుంది, కానీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది చాలావరకు దానికి ముందే. ఇదంతా ఆ పెద్దాయన ఎవరినీ తిట్టకుండా, తన వాళ్లనీ వెనకేసుకు రాకుండా చెప్పారు. నా జీవితంలో అంత మంచి పాఠం నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు.

ఆ పొద్దున్నే ఆటు టైమ్. నీళ్లు వెనక్కి వెళ్లి రాళ్లు బయటపడ్డాయి, రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచాయి. పెద్దాయన మనవడు ఒక గుంట దగ్గర మమ్మల్ని కూర్చోబెట్టి కదలొద్దన్నాడు. రెండు నిమిషాలు కదలకుండా ఉంటే ఆ గుంట అంతా బతికి కదలడం మొదలైంది. పువ్వులాగా విచ్చుకుని వేలు తగిలితే ముడుచుకునే జీవి, రాయి రంగులోనే ఉండే చిన్న చేపలు, ఖాళీ శంఖం వీపున మోసుకు తిరిగే పీత. పిల్ల గట్టిగా అరిచింది, "చిన్నమ్మమ్మా, శంఖంలో ఎవరో ఉన్నారు!" అని. సోమవారం షాపులో కొనివ్వలేదని ఏడ్చిన పిల్ల, ఆ తర్వాత ఒడ్డున దొరికిన గవ్వల్ని కూడా ఒక్కొక్కటిగా తిప్పి చూసి లోపల ఎవరూ లేరు అని ఖాయం చేసుకుని, అయినా అక్కడే వదిలేసింది.

సాయంత్రం సబ్‌మెరైన్‌కి వెళ్లాం. ఐఎన్ఎస్ కురుసుర గురించి మన ఊరివాళ్లకి నేను కొత్తగా చెప్పేది లేదు. 1969 డిసెంబరులో సోవియట్ దేశంలో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధ కాలంలో పనిచేసి, 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుని, 2002లో మ్యూజియంగా మారింది. నేను చెప్పాలనుకున్నది లోపల చూపించే మనుషుల గురించి. వాళ్లు నౌకాదళంలో పనిచేసి రిటైర్ అయినవాళ్లు. ఆ ఇరుకు దారిలో 75 మంది ఎలా ఉండేవాళ్లో, మంచాలు ఎలా వంతులు వేసుకునేవాళ్లో, స్నానానికి నీళ్లు ఎందుకు దొరకవో, టార్పెడో గొట్టం దగ్గర నిలబడితే చెవులకి ఎలా ఉంటుందో, చేతులు అక్కడే పెట్టి చూపిస్తూ చెప్తారు. బావగారు అరగంట అనుకున్నవారు గంటన్నర ఉన్నారు, బయటికి వచ్చి ఎదురుగా యుద్ధ స్మారకం చూసి, 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ సముద్రంలోనే అని తెలిసి చాలాసేపు నీళ్ల వైపే చూస్తూ నిలబడ్డారు. రోడ్డుకి అవతల మ్యూజియంగా పెట్టిన నౌకాదళ విమానం టీయూ 142 కూడా ఎక్కి చూశాం.

చూశారా అండీ, మన ఊళ్లోనే ఒక చోట పని సరిగ్గా జరుగుతోంది. ఆ పని చేసి బతికినవాళ్లే ఆ కథ చెప్తున్నారు. దీన్నే మిగతా చోట్లకి ఎందుకు తీసుకెళ్లరు అన్నది నా ప్రశ్న, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం కూడా అదే.

గురువారం కంబాలకొండ వెళ్లాం. సుమారు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, అదీ ఊరిని ఆనుకుని, హైవే పక్కన! లక్షల మంది ఉండే ఊరికి గోడ పక్కనే చిరుత తిరిగే అడవి ఉండటం ఎన్ని నగరాలకి దొరికే అదృష్టం? ఒకప్పుడు విజయనగరం రాజుల అడవి, 2002లో అభయారణ్యం అయింది. లోపల మాతో నడిచిన వాచర్, అంటే అడవి కాపలా మనిషి, పక్క పల్లెవాడే. చిరుత కనిపిస్తుందా అని బావగారు అడిగితే, "కనపడదండీ, మనల్ని అది చూస్తాది" అన్నాడు. చుక్కల దుప్పి ఒకటి ఎక్కడో కూసింది, అది మామూలు కూత కాదని, దేన్నో చూసి బెదిరిందని చెప్పాడు. తవ్వేసిన పుట్ట ఒకటి చూపించి ఇది అలుగు పని అన్నాడు. అలుగు అంటే ఒళ్లంతా పొలుసులుండి చీమల్ని, చెదల్ని తిని బతికే జంతువు, ఆ పొలుసుల కోసమే దాన్ని దొంగగా వేటాడతారు. మాకు ఆ రోజు పెద్ద జంతువు ఒక్కటీ కనపడలేదు, నెమళ్లు, అడవికోళ్లు, ఒక ఉడుము, చెట్టుకీ చెట్టుకీ మధ్య పెద్ద గూడు అల్లిన సాలీడు, అంతే. పిల్లకి మాత్రం అడవి నిండా జంతువులే. ఎందుకంటే పక్కన అడవిని చదివి చెప్పేవాడు ఉన్నాడు. ఆ మనిషి లేకుండా మేమే నడిచి ఉంటే రెండు గంటలు చెట్లు చూసి వచ్చేవాళ్లం.

ఆ మధ్యాహ్నం జూ కూడా చూపించాం, మాట ఇచ్చాను కదా. 1977లో తెరిచిన జూ, ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం, ఇంత అందమైన చోట జూ ఎక్కడా లేదని నా నమ్మకం. జిరాఫీ దర్శనం అయింది.

ఇంక మేం చూడలేనివి కూడా ఉన్నాయి, అవి ఏ ప్యాకేజీలోనూ లేవు. పాత ఊరు, అంటే వన్‌టౌన్, అటు టూర్ బండ్లు తిరగనే తిరగవు. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి పైన గోపురం లేదు, ఎవరైనా వెళ్లి తమ చేతులతోనే పసుపు కుంకుమ పెట్టొచ్చు, మార్గశిర గురువారాలు చూడాలి ఆ సందడి. హార్బరు పక్కన మూడు కొండలు వరసగా ఉంటాయి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద రాస్ అనే దొర ఇల్లు కట్టుకున్న చోట వెలిసిన చర్చి. ఆ కొండ ఎక్కితే 1933లో ఓడలకి తెరిచిన రేవు, దానికి అడ్డుగోడలా డాల్ఫిన్స్ నోస్ కొండ ఒక్క చూపులో కనిపిస్తాయి. ఈ ఊరికి రేవు ఎందుకు కట్టారో చెప్పడానికి మ్యాప్ అక్కర్లేదు. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వేసిన బాంబుల్లో పేలని బాంబు ఒకటి ఉంది. మన ఊరి మీద జపాన్ వాళ్లు బాంబులేశారని నా దగ్గర చదివిన పిల్లల్లో సగం మందికి నేను చెప్పేదాకా తెలియదు. ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున వేలంపాట, బోట్ల మీద తిరిగే బాపనగద్దలు, ఎరుపు రెక్కలు తెల్ల తల, చేప ముక్క కోసం నీళ్ల మీదికి వాలడం, అది చూడ్డానికి నేను ఇప్పటికీ వెళ్తాను.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు సరేసరి. సముద్రం ఇప్పటికంటే ఎంతో వెనక్కి ఉన్న కాలంలో గాలి మోసుకొచ్చి పోసిన ఇసక వేల ఏళ్లలో ఇనుము తుప్పు రంగు పట్టి దిబ్బలైంది, 2014లో భూవైజ్ఞానిక సర్వే వాళ్లు జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. ఇలాంటివి దక్షిణాసియాలో ఇంకా తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయంటారు. అక్కడ జనం దిబ్బ అంచుల మీద నుంచి జారుతూ వీడియోలు తీసుకుంటారు, జారిన ప్రతిసారీ అంచు విరిగి కిందకి పోతుంది. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆ మట్టి మళ్లీ రాదు అని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. చుట్టుపక్కల తవ్వకాల గురించి పత్రికలో చదివిన ప్రతిసారీ నాకు టెన్షన్ వస్తుంది, మీరు ఆ వార్తలు వేయడం ఆపకండి.

తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు కూడా ఇంతే. ఒకసారి నేను చూశాను, పదిమంది ఫోన్లు లైట్లేసి మీదికి వంగి, ఒకాయన తాబేలు పిల్లని అరచేతిలోకి తీసుకుని సెల్ఫీ. కాపలా జాలరి వద్దు బాబూ వద్దు బాబూ అంటున్నా వినరు, ఎందుకంటే ఆయన ఒంటి మీద యూనిఫాం లేదు, మెడలో కార్డు లేదు. ఆయన మెడలో గైడ్ అని రాసిన కార్డు ఒకటి ఉంటే, టూరుకి వచ్చినవాళ్లు ఆయన మాట వినడానికే డబ్బులిచ్చి వచ్చి ఉంటే, ఆ పిల్ల తాబేలు ఎవరి చేతిలోకీ వెళ్లదు.

అందుకని పర్యాటక శాఖ, అటవీశాఖ, జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) అధికారుల్ని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ఈ ఊళ్లో గైడ్ అన్న మాట వాడాలంటే శిక్షణ, కార్డు ఉండాలని పెట్టండి. శిక్షణ ఎవరికి అంటే, తాబేలు గుడ్లు పొదిగించే చోట కాపలా కాసే జాలర్లకి, కంబాలకొండ చుట్టూ పల్లెల్లో ఉండే కుర్రాళ్లకి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివి ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలకి, పోర్టులో, పురావస్తు శాఖలో రిటైర్ అయినవాళ్లకి. చెప్పే విషయం వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంది, కొత్తవాళ్లతో ఎలా మాట్లాడాలో, ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చేయాలో నేర్పిస్తే చాలు. ఒక్కో బృందానికి ఇంత అని నేరుగా వాళ్ల చేతికి అందేలా చూడండి, లేకపోతే మళ్లీ శంఖాల షాపు కమీషన్ దగ్గరికే వస్తుంది కథ. డ్రైవర్‌ని బండి నడపనివ్వండి, అతనికి సరైన జీతం ఇప్పించండి.

తొమ్మిది పాయింట్ల టూరు అసలు ఉండకూడదని నా అభిప్రాయం. రోజుకి మూడు చోట్లు చాలు. జంతువులున్న చోటికి జంతువుల టైమ్‌కే వెళ్లాలి, పొద్దున ఆరింటికి లేవలేమంటే మానేయండి అని చెప్పాలి, మధ్యాహ్నం రెండింటికి అడవికి తీసుకెళ్లి ఏమీ లేదనిపించకూడదు. తాబేళ్ల కాలం జనవరి నుంచి మొదలవుతుంది కాబట్టి ఆ నెలల్లో గుడ్లు పెట్టే చోట్ల బీచ్ లైట్లు రాత్రిపూట తగ్గించాలి, టూరుకి ఇంతమందే అని లెక్క ఉండాలి. బోర్డుల మీద, గైడ్ నోట్లో తెలుగు ముందు ఉండాలి. మన ఊరికి బెంగాల్ నుంచి, ఒడిశా నుంచి చాలామంది వస్తారు, వాళ్లకి హిందీలో, ఇంగ్లీషులో తప్పకుండా చెప్పాలి, కానీ నిజామాబాద్ నుంచో కర్నూలు నుంచో వచ్చిన పిల్లకి తన భాషలో చెప్పే మనిషి దొరక్కపోతే ఎలా?

ఖర్చు ఎక్కువవుతుంది, ఎవరు వస్తారు అంటారు. మా బావగారు రైతు, డబ్బు విలువ తెలిసిన మనిషి. సోమవారం ఇచ్చిన డబ్బు గురించి ఇప్పటికీ బాధపడతారు. బుధవారం పొద్దున తాబేళ్ల దగ్గరి పెద్దాయన చేతిలో డబ్బు పెట్టబోతే ఆయన తీసుకోలేదు, బలవంతాన మనవడి జేబులో పెట్టి వచ్చారు. ఆ డబ్బు గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ శాఖలు ఎప్పుడు చేస్తాయో కానీ, మీరు రేపే చేయగలిగిన పని ఒకటుంది సంపాదకులు గారూ. మీ విశాఖ పేజీలో సినిమా టైములు వేసినట్టు ఒక చిన్న గడి వేయండి. జూకి, సబ్‌మెరైన్‌కి, విశాఖ మ్యూజియంకి సెలవు ఎప్పుడు, తెరిచే టైమ్ ఏంటి, ఆ రోజు ఆటు ఎన్ని గంటలకి, తాబేళ్ల కాలంలో తాబేలు పిల్లల్ని ఏ బీచ్‌లో వదులుతున్నారు, ఇంతే. ఆటు పోట్ల టైమ్ పాలెంలో ఎవరిని అడిగినా చెప్తారు. వేసవి సెలవులకి మా పిల్ల మళ్లీ వస్తానంది, ఈసారి సోమవారం నాడు ఏం చూడొచ్చో ఇప్పటినుంచే ఫోన్ చేసి అడుగుతోంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
విశాఖపట్నం